సెప్టెంబరు జింక, నవంబరు జింక: మాంసం ఇంత తేడాగా ఎందుకుంది?

మంచుముత్యం (విస్కాన్సిన్)

అందరికీ నమస్కారం. మేము మాడిసన్‌కు కొంచెం దూరంలో ఒక చిన్న ఊళ్లో ఉంటున్నాం. పక్కింటి పెద్దాయన ఏటా తెల్లతోక జింకల వేటకు వెళ్తారు. అమెరికాలో వేటాడిన జింక మాంసాన్ని అమ్మడానికి వీల్లేదు, ఇష్టమైనవారికి ఊరికే ఇవ్వవచ్చు. సెప్టెంబరు చివర ఆయన మాకు ఒక పొట్లం ఇచ్చారు. బాణంతో కొట్టిన ఏడాదిన్నర వయసు ఆడ జింక అని చెప్పారు. అల్లం వెల్లుల్లి, మిరియాలు వేసి వేపుడు చేశాను. లేత మేక మాంసంకన్నా మెత్తగా ఉంది. పిల్లలు గిన్నె ఖాళీ చేశారు.

నవంబరు చివరి వారంలో, తుపాకీ వేట కాలం ముగిశాక, మరో పొట్లం ఇచ్చారు. ఈసారి పెద్ద కొమ్ముల మగ జింక. పొట్లం విప్పగానే తేడా తెలిసింది. మాంసం ఎరుపుకాదు, నేరేడుపండు రంగు. వేలితో తాకితే జిగురుగా, పొడిగా, బిగుసుగా ఉంది. గంటన్నర ఉడికించినా పీచు విడలేదు. ఇల్లంతా ఒక ఘాటైన వాసన. సగం పారేయాల్సి వచ్చింది, అది నన్ను బాగా బాధపెట్టింది. ఒక ప్రాణి పోయింది, ఒక పెద్దమనిషి ప్రేమతో ఇచ్చారు, మేము తినలేకపోయాం.

ఇది కాలం వల్ల వచ్చిన తేడాయేనా? ఏ నెలలో కొట్టిన జింక మాంసం బాగుంటుందో అనుభవం ఉన్నవారు చెప్పగలరా?

హిల్‌కంట్రీ_రైతుబిడ్డ (టెక్సస్)

నమస్కారమండీ. పదకొండేళ్లుగా లైసెన్సు తీసుకుని వేటాడుతున్నాను, మా ఇంట్లో జింక మాంసం తప్ప వేరే ఎర్ర మాంసం వండం. మీరు చెప్పిన తేడాకు నా జవాబు ఒక్కటే: మదకాలం, అంటే జింకలు జతకట్టే కాలం.

మన ఊళ్లలో విత్తనపు మేకపోతును చూసినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది. కట్టేసిన పాక దాటి పది గజాల దూరానికి దాని వాసన కొడుతుంది. అందుకే మాంసానికి పెంచే పోతును చిన్నప్పుడే విత్తులు కొట్టిస్తారు. అడవి జింకకు ఆ పని చేసేవారు లేరు కదా. పగటి పొద్దు కుదించుకుపోతున్నకొద్దీ మగ జింక ఒంట్లో టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోను పెరుగుతుంది, మెడ లావెక్కుతుంది. ఉత్తరాది రాష్ట్రాల్లో నవంబరు మొదటి పక్షానికి అది తారస్థాయికి చేరుతుంది. ఆ రోజుల్లో మగది మేత మీద ధ్యాస పెట్టదు. రాత్రింబవళ్లు ఆడవాటి వెంట తిరుగుతుంది, తోటి మగవాటితో పోట్లాడుతుంది. వేసవంతా, శరత్తులో ఓక్ గింజలు, మొక్కజొన్న, సోయా తిని పోగుచేసుకున్న కొవ్వు కరిగిపోతుంది. శరీర బరువులో ఐదో వంతు నుంచి పావు వంతు దాకా పోతుంది.

ఇంకొక సంగతి. వెనక కాళ్ల లోపలి వైపు, మడమ కీలు దగ్గర, వెంట్రుకల కుచ్చుతో ఒక గ్రంథి ఉంటుంది. మదకాలంలో జింక ఆ కుచ్చుల మీద మూత్రం పోసుకుని రెండు కాళ్లూ కలిపి రుద్దుకుంటుంది. అక్కడ నల్లగా, జిడ్డుగా పేరుకుపోతుంది. చర్మం ఒలిచేవాడు ఆ కుచ్చును పట్టుకున్న చేత్తోనే, కోసిన కత్తితోనే మాంసాన్ని ముట్టుకుంటే ఆ వాసన ఇక వదలదు.

మీకు సెప్టెంబరులో వచ్చింది కొవ్వు పట్టిన లేత ఆడది. నవంబరు చివరలో వచ్చింది మదకాలం దాటి చిక్కిపోయిన ముదురు మగది. రెంటికీ పోలికే లేదు.

పశుశాస్త్రం_76 (ఒహాయో)

రైతుబిడ్డ గారు చెప్పినవన్నీ నిజమే. అయినా మంచుముత్యం గారి వర్ణన చదివితే నాకు మదకాలంకన్నా వేరొకటి తడుతోంది. నేను మాంసం నాణ్యత మీదే చదువుకున్నాను, కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను, ఓపిక పట్టండి.

బతికున్న జంతువు కండరాల్లో గ్లైకోజెన్ అనే పిండి పదార్థం నిల్వ ఉంటుంది. ప్రాణం పోయాక అది లాక్టిక్ ఆమ్లంగా మారుతుంది. దాంతో మాంసం పీహెచ్ (ఆమ్లాన్ని తెలిపే కొలత, ఆమ్లం పెరిగితే అంకె తగ్గుతుంది) సుమారు 7 నుంచి మెల్లగా 5.5, 5.8 మధ్యకు దిగుతుంది. మనకు నచ్చే ఎర్రని రంగు, తగినంత తేమ, నిల్వ ఉండే గుణం ఆ ఆమ్లం వల్లే వస్తాయి. చావుకు ముందు జంతువు చాలాసేపు పరుగెత్తినా, గాయంతో భయంతో గంటలకొద్దీ నలిగినా, తిండి లేక నీరసించినా ఆ గ్లైకోజెన్ ముందే ఖర్చయిపోతుంది. ఆమ్లం తయారు కావడానికి సరుకే ఉండదు. పీహెచ్ 6 పైనే ఆగిపోతుంది. అప్పుడు మాంసం ముదురు రంగులో, బిగుసుగా, పైకి పొడిగా, తాకితే జిగురుగా ఉంటుంది. త్వరగా చెడిపోతుంది కూడా. మంచుముత్యం గారు రాసిన నేరేడు రంగు, జిగురు అచ్చంగా ఇవే లక్షణాలు.

మదకాలంలో మగ జింకకు నిల్వలు ఎలాగూ తక్కువే. కాబట్టి కాలం ఆ ముప్పును పెంచుతుంది. కాని నెల ఒక్కటే కారణమైతే నవంబరులో కొట్టిన ప్రతి మగ జింకా ఇలాగే ఉండాలి. అలా ఉండదు. తింటూ నిలబడ్డచోటే ఒక్క దెబ్బకు పడిపోయిన నవంబరు మగ జింక మాంసం నేనే తిన్నాను, ఏ వంకా పెట్టలేకపోయాను.

మంచుముత్యం గారూ, వీలైతే మీ పక్కింటి ఆయన్ను మూడు ప్రశ్నలు అడగండి. దెబ్బ తగిలాక జింక ఎంత దూరం వెళ్లింది? పేగులు ఎంతసేపటికి తీశారు? తరువాత ఎక్కడ, ఎంత చలిలో వేలాడదీశారు?

వంటిల్లు_మినియాపొలిస్

శాస్త్రం మీరు చూసుకోండి, నేను వంట వైపు నుంచి చెబుతాను. పాతికేళ్లుగా మా ఇంటికి స్నేహితుల జింక మాంసం వస్తోంది.

మొదట ఒక అపోహ తీర్చాలి. కొవ్వు పట్టిన జింక మంచిదంటే ఆ కొవ్వు రుచిగా ఉంటుందని కాదు. జింక కొవ్వు మైనంలాంటిది. అందులో స్టియరిక్ ఆమ్లం ఎక్కువ. కూర వేడిగా ఉన్నంతసేపూ తెలియదు, కాస్త చల్లారగానే అంగిలికి అంటుకుంటుంది, కంచం అంచున తెల్లగా పేరుకుంటుంది. వాసన కూడా ఆ కొవ్వులోనే ఎక్కువగా దాగుతుంది. జింక ఏం మేసిందో అది కొవ్వులో తెలుస్తుంది: మొక్కజొన్న చేల దగ్గర తిరిగినదానికి ఒక రుచి, పశ్చిమ రాష్ట్రాల్లో ఘాటైన సేజ్ పొదలు మేసినదానికి మరో రుచి. కాబట్టి ఏ నెలలో వచ్చినా పైకొవ్వు, కండల మధ్య ఉండే వెండిరంగు పొర రెండూ పూర్తిగా తీసేయాలి. కండలో కొవ్వు ఎలాగూ బహు తక్కువ, పచ్చి మాంసం 100 గ్రాముల్లో రెండున్నర గ్రాములు కూడా ఉండదు.

నేను కాలాన్ని బట్టి వంట మారుస్తాను. సెప్టెంబరు, అక్టోబరుల్లో వచ్చిన లేతదైతే వీపు కండను పలచగా కోసి, మిరియాలతో పెద్ద మంట మీద నాలుగు నిమిషాల వేపుడు. ఎక్కువ ఉడికిస్తేనే పాడవుతుంది. ముదురు మగదైతే వేపుడు జోలికి వెళ్లను. జబ్బ, తొడ ముక్కలను పుల్లటి పెరుగు, ఉప్పు, పసుపు పట్టించి ఒక రాత్రి ఫ్రిజ్‌లో ఉంచి, మర్నాడు సన్నని సెగ మీద మూడు గంటలు. చివర గోంగూర. పులుపు ఆ ఘాటును బాగా అణుస్తుంది. మిగతాదంతా ఖీమా. మంచుముత్యం గారు గంటన్నరకే ఆపేశారు, ముదురు మాంసానికి అది చాలదు.

అన్నట్టు, మా కృష్ణా జిల్లాలో వేటమాంసం అంటే మేక మాంసమే. ఇక్కడికి వచ్చాకే ఆ మాటకు అసలు అర్థం నా గిన్నెలోకి వచ్చింది.

కొత్తసభ్యుడు_హైదరాబాద్

చదువుతుంటే మా తాతగారు చెప్పిన పాత వేట కథలు గుర్తొచ్చాయి. ఆయన కూడా వానాకాలం తరువాత దుప్పికి బలం పడుతుందనేవారు. ఇప్పుడు మన దగ్గర ఎక్కడైనా దొరుకుతుందా?

నల్లమల_విశ్రాంత

దొరకదు నాయనా, దొరకకూడదు కూడా. నేను అటవీ శాఖలో పనిచేసి పదవీ విరమణ చేశాను. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన దేశంలో దుప్పిని, కృష్ణజింకను, కణితిని వేటాడడం నేరం. మాంసం కొనడం, దగ్గర ఉంచుకోవడం కూడా నేరమే. ఎవరైనా రహస్యంగా అమ్ముతామంటే అది ఉచ్చులో చిక్కి గంటలకొద్దీ గింజుకుని చచ్చిన జంతువు. పైన పశుశాస్త్రం గారు రాసిన నలుగుడు దానికన్నా ఎక్కువ ఏ జంతువూ పడదు. ఉచ్చుల్లో కాళ్లు తెగిన దుప్పులను నేను నా చేతులతో విడిపించాను. ఆ అరుపు ఇంకా చెవుల్లో ఉంది.

మీ తాతగారి మాటలో నిజం మాత్రం ఉంది. వానల తరువాత పచ్చిక ఏపుగా ఉంటుంది కాబట్టి దుప్పులు నిగనిగలాడతాయి. మార్చి నుంచి నీటి గుంటలు ఎండుతాయి, ఎముకలు తేలిన దుప్పులు కనిపిస్తాయి. ఆ తేడా చూసి ఆనందించడానికి అడవికి రండి, వండుకోవడానికి కాదు.

కొత్తసభ్యుడు_హైదరాబాద్

క్షమించండి సార్, తెలియక అడిగాను. చట్టం ఇంత వివరంగా నాకు తెలియదు.

హిల్‌కంట్రీ_రైతుబిడ్డ (టెక్సస్)

నల్లమల గారికి నమస్కారాలు. మీ మాట విన్నాక ఒక విషయం చెప్పాలనిపిస్తోంది. తెలంగాణ రాష్ట్ర జంతువైన మన చుక్కల దుప్పినే 1930లలో టెక్సస్‌కు తెచ్చి వదిలారు. ఇప్పుడు టెక్సస్ నడుమ ఉన్న హిల్ కంట్రీ కొండల్లో మందలు మందలుగా ఉంది. ఇక్కడ అది పరాయి జంతువు కాబట్టి దానికి వేట కాలమంటూ లేదు. లైసెన్సు, భూమి యజమాని అనుమతి ఉంటే ఏడాది పొడవునా వేటాడవచ్చు. మొదటిసారి తుపాకీ గురి దుప్పి మీద పెట్టినప్పుడు నా చెయ్యి ఆడలేదు, ఆ రోజు ఉత్త చేతులతో ఇంటికి వచ్చాను.

ఈ చర్చకు దాని సంబంధం ఏమిటంటే, చుక్కల దుప్పులన్నీ ఒకే నెలలో మదమెక్కవు. ఉష్ణమండలం నుంచి వచ్చిన జాతి కాబట్టి ఏ నెలలో చూసినా కొన్ని మగవి ఆ దశలో ఉంటాయి, పిల్లలూ ఏ నెలలోనైనా పుడతాయి. అందుకే దాని మాంసం ఏడాదంతా దాదాపు ఒకేలా ఉంటుంది. ఇక్కడి వేటగాళ్లు చాలామంది తెల్లతోక జింకకన్నా దాన్నే ఇష్టపడతారు. కాని ఆగస్టులో కొడితే అసలు పరీక్ష ఎండ. ఇరవై నిమిషాల్లో పేగులు తీసి, పొట్ట లోపల మంచు సంచులు పెట్టకపోతే సాయంత్రానికి మాంసం చేతికి రాదు.

టెక్సస్‌లోనే తెల్లతోక జింకల మదకాలం కూడా ఒకేచోట ఒకలా ఉండదు. సముద్రతీరం వైపు సెప్టెంబరు చివరకే మొదలవుతుంది, దక్షిణ టెక్సస్‌లో డిసెంబరు మూడో వారం. కాబట్టి నవంబరు చెడ్డదని ఎవరైనా అంటే ఏ ఊరి నవంబరు అని అడగాలి.

హైలాండ్స్_తెలుగు (స్కాట్లాండ్)

ఆ చివరి మాట చాలా ముఖ్యం. ఇక్కడ ఎర్ర జింక మగవి సెప్టెంబరు చివర నుంచి అక్టోబరంతా కొండల్లో రంకెలు వేస్తాయి. బురద గుంటల్లో మూత్రం పోసి అందులోనే పొర్లుతాయి, ఒళ్లంతా నల్లటి పూత. మగవాటి వేట కాలం చాలా ఏళ్లపాటు జూలై 1 నుంచి అక్టోబరు 20 వరకే ఉండేది. జింకల సంఖ్య విపరీతంగా పెరిగిందని 2023 అక్టోబరులో ఆ గడువు తీసేశారు. ఆడవాటి కాలం అక్టోబరు 21 నుంచి ఫిబ్రవరి 15 వరకు. తల్లి మీద ఆధారపడ్డ పిల్లలను దృష్టిలో పెట్టుకుని మిగతా నెలల్లో వాటిని వదిలేస్తారు.

మా ఊళ్లో అడవి జింక మాంసం దుకాణంలో బాహాటంగా అమ్ముతారు, అది అమెరికాకూ ఇక్కడికీ తేడా. నేను కొనేటప్పుడు మూడు సంగతులు అడుగుతాను: ఏ జాతి, ఆడదా మగదా, ఏ నెల. ఆగస్టు మగది, నవంబరు ఆడది అంటే కళ్లు మూసుకుని కొంటాను. ఫిబ్రవరి ఆడదైతే చలికాలమంతా ఆకలితో గడిపి ఉంటుంది, పులుసుకే తీసుకుంటాను. చిన్న జాతి రో జింక మదకాలం మాత్రం జూలై చివర, ఆగస్టు మొదట. అంటే ఎర్ర జింక మగది అత్యంత రుచిగా ఉన్న రోజుల్లో రో జింక మగది చిక్కిపోతూ ఉంటుంది. ఒకే కొండ, ఒకే నెల.

మంచుముత్యం (విస్కాన్సిన్)

అందరికీ కృతజ్ఞతలు. నిన్న సాయంత్రం పెద్దాయన ఇంటికి వెళ్లి, నొప్పించకుండా, పశుశాస్త్రం గారి మూడు ప్రశ్నలూ అడిగాను. ఆయన ఏదీ దాచలేదు. నేను అడిగినందుకు సంతోషించారు కూడా.

జింకకు దెబ్బ తగిలింది పొద్దు గూకే వేళ. గుండెకు కాదు, కొంచెం వెనక, పొట్టలో. అది చిత్తడి నేల వైపు పరుగెత్తింది. చీకట్లో వెంబడిస్తే ఇంకా దూరం పోతుందని ఆగి, తెల్లవారాక నెత్తురు జాడ పట్టుకుని వెళ్లారట. దాదాపు ముప్పావు మైలు దూరంలో దొరికింది. అప్పటికి పేగులు తీయక ఎన్ని గంటలైందో ఆయనకే తెలియదు. తరువాత తోలు ఒలిచి కొట్టంలో వేలాడదీస్తే, ఆ రోజు చలికి మధ్యాహ్నానికే గడ్డకట్టింది.

"ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు" అన్నారు. అరవై ఏళ్లు వేటాడిన మనిషి. ఇంకేమీ అడగలేకపోయాను.

పశుశాస్త్రం_76 (ఒహాయో)

ఇక సందేహం లేదు. పొట్టలో దెబ్బ, రాత్రంతా నలుగుడు, గ్లైకోజెన్ ఖాళీ: ముదురు రంగు దానివల్ల వచ్చింది. తగిలిన పేగుల్లోని పదార్థం, గంటలకొద్దీ లోపల నిలిచిన వేడి: వాసన చాలావరకు దానివల్ల వచ్చింది. చలిగా ఉంటే చాలనుకుంటారు గాని, తోలు, తోలు కింద కొవ్వు, పేగులు కలిసి దుప్పటిలా పనిచేస్తాయి. బయట మంచు కురుస్తున్నా తొడ ఎముక దగ్గర వేడి చాలాసేపు నిలుస్తుంది.

గడ్డకట్టడం గురించి కూడా చెప్పాలి, చలికాలపు వేటలో దీన్ని పట్టించుకునేవారు తక్కువ. ప్రాణం పోయిన తరువాత శవం బిగుసుకుని, మళ్లీ సడలడానికి సమయం కావాలి. అది జరగకముందే కండను గట్టి చలిలో పెడితే పీచు కుంచించుకుపోతుంది, తరువాత ఎంత ఉడికించినా మెత్తబడదు. మీ జింక తెల్లవారేసరికే బిగుసుకుని ఉండవచ్చు కాబట్టి అది మీ విషయంలో ప్రధానం కాకపోవచ్చు. కాని గడ్డకట్టిన మాంసం వేలాడదీసినా మగ్గదు. సున్నా నుంచి 4 డిగ్రీల సెల్సియస్ మధ్య వారం రోజులు మగ్గితేనే కండలోని ఎంజైములు పీచును సడలిస్తాయి. ఆ వారమూ మీ మాంసానికి దక్కలేదు.

రెండు జాగ్రత్తలు కూడా రాయకుండా ఉండలేను. విస్కాన్సిన్‌లో 2002లో జింకల క్షీణవ్యాధి బయటపడింది, మీ మాడిసన్ చుట్టుపక్కలే ఎక్కువ. సి.డబ్ల్యు.డి. అంటారు. దానికి కారణమైన ప్రియాన్లు (ఆకారం చెడిన ప్రోటీన్లు) వంట వేడికి నశించవు. మనుషులకు సోకినట్టు ఇంతవరకు నిర్ధారణ కాలేదు, అయినా ఆ ప్రాంతపు జింకను పరీక్ష చేయించాకే తినాలని, వ్యాధి ఉంటే పారేయాలని ఆరోగ్య అధికారులు చెబుతారు. పైకి ఆరోగ్యంగా కనిపించే జింకలోనూ అది ఉండవచ్చు. రెండోది సీసం. తుపాకీ గుండు ఎముకకు తగిలితే కంటికి కనిపించని తునకలు గాయానికి చాలా దూరం చిమ్ముతాయి. 2008లో ఉత్తర డకోటా ఆరోగ్య శాఖ గర్భిణులు, చిన్న పిల్లలు సీసపు గుండుతో కొట్టిన జింక మాంసం తినవద్దని చెప్పింది. మీ పిల్లలు తిన్నది బాణంతో కొట్టింది కాబట్టి ఆ భయం లేదు. ఇకపై రాగి గుండు వాడినదే తీసుకోండి.

హిల్‌కంట్రీ_రైతుబిడ్డ (టెక్సస్)

పశుశాస్త్రం గారూ, మొదటి జవాబులో నేను తొందరపడ్డాను. నెలను చూసి తీర్పు చెప్పాను, ఆ రాత్రి గురించి అడగలేదు. అయినా నా మాట పూర్తిగా వదులుకోను. అదే దెబ్బ అక్టోబరు మొదట్లో బాగా మేసిన ఆడదానికి తగిలి ఉంటే మాంసం ఇంత పాడయ్యేది కాదు. నిల్వ ఉన్న శరీరం కొంత తట్టుకుంటుంది. మదకాలపు మగదానికి ఆ వెసులుబాటు ఉండదు. అందుకే నవంబరులో నేను మరింత దగ్గర నుంచి, మరింత నమ్మకంగా గురి కుదిరితేనే కొడతాను. పొద్దు గూకాక అసలు కొట్టను.

పశుశాస్త్రం_76 (ఒహాయో)

దీనితో నాకు పూర్తి ఏకీభావం ఉంది.

వంటిల్లు_మినియాపొలిస్

మంచుముత్యం గారూ, మిగిలిన సగం ఇంకా ఫ్రీజరులో ఉంటే దాని మీద ప్రయోగాలు చేయకండి. పొట్టకు దెబ్బ తగిలి రాత్రంతా ఉన్న మాంసాన్ని ఏ మసాలా బాగుచేయదు. పైన నేను చెప్పిన గోంగూర చిట్కా ముదురు మాంసానికే గాని, ఇలాంటిదానికి కాదు. పిల్లలున్న ఇల్లు.

మంచుముత్యం (విస్కాన్సిన్)

పారేశాను అక్కా. పెద్దాయనకు చెప్పే పారేశాను.

మూడు వారాల తరువాత మళ్లీ రాస్తున్నాను. డిసెంబరులో నాలుగు రోజులు ఆడ జింకలకు మాత్రమే అనుమతి ఉంటుంది. ఆ రోజుల్లో పెద్దాయన ఒక ఆడ జింకను కొట్టారు. ఈసారి నేనూ వెంట వెళ్లాను. మంచులో గడ్డి గోకుతూ నిలబడి ఉంది, నలభై గజాలు. రాగి గుండు. నాలుగు అడుగులు వేసి పడిపోయింది. చూడడం కష్టమైంది, కాని త్వరగా ముగిసింది. పావుగంటలో పేగులు తీశారు. కాళ్ల కుచ్చుల దగ్గర చెయ్యి పెట్టలేదు. తోలు ఒలవకుండా, కొట్టంలో ఉష్ణమాపి పెట్టి, 2 డిగ్రీల దగ్గర ఆరు రోజులు వేలాడదీశారు. తల దగ్గరి గ్రంథులను పరీక్షకు పంపి, ఫలితం వచ్చేదాకా ఎవరికీ పొట్లం ఇవ్వలేదు. సెప్టెంబరు జింకకు, నవంబరు జింకకు కూడా పరీక్ష చేయించానని కాగితాలు చూపించారు. నేను అడగకముందే చేయించి ఉన్నారు.

మొన్న శుక్రవారం ఫలితం వచ్చింది, వ్యాధి లేదు. నిన్న వీపు కండ వేపుడు, తొడతో గోంగూర. రంగు సెప్టెంబరు మాంసంకన్నా కొంచెం ముదురే, కొవ్వు కూడా తక్కువే, రైతుబిడ్డ గారు చెప్పినట్టే. రుచిలో మాత్రం మా ఇంట్లో ఎవరూ తేడా పట్టలేదు. పెద్దాయన, ఆయన భార్య మా బల్ల దగ్గరే కూర్చుని తిన్నారు. గోంగూర పులుపుకు ఆయన కళ్లు చెమర్చాయి, అయినా రెండోసారి వడ్డించుకున్నారు.